వెల్లకిలా పడ్డాక

మా అక్క కూతురు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. పోయిన వేసవి సెలవుల్లో బ్రెజిలియన్ జుజుత్సు నేర్చుకుంటానని పట్టుపట్టింది. మగపిల్లలతో కలిసి చాపల మీద దొర్లే ఆట ఆడపిల్లకెందుకని మా అక్క గొడవ. చివరికి "పిన్ని కూడా చేరితే సరే" అని షరతు పెట్టింది. పిన్నికి నలభై ఆరేళ్ళు, మోకాళ్ళ నొప్పులు, ఎప్పుడూ తరగని సెమినార్ పేపర్లు. రాదన్న ధైర్యంతోనే పెట్టిన షరతు అది. పిన్ని ఒకప్పుడు మూడేళ్ళు కుస్తీ పట్టిందన్న సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. అక్క దాన్ని నిజంగానే మర్చిపోయినట్టుంది. నేను చేరాను.

మా నాయిన తెల్లవారుజామునే తాలీంఖానాకి వెళ్ళే మనిషి. హైదరాబాద్ బస్తీల్లో పెరిగినవాళ్ళకి తాలీంఖానా అంటే చెప్పనక్కర్లేదు. నూనె, పసుపు కలిపి తవ్విన ఎర్రమట్టి గోదా, గోడకి ఆంజనేయస్వామి పటం, మూల ముగ్దర్‌లు. పొద్దున్నే నాయిన చాయ్ తాగుతుంటే ఒంటినుంచి ఆ మట్టి వాసన వచ్చేది. నేనూ వస్తానంటే "గోదల ఆడివిల్లలు అడుగు వెట్టొద్దు బిడ్డా" అనేవాడు. ఎందుకు పెట్టకూడదో ఆయనకీ తెలియదు, చెప్పలేదు. తమ్ముడికి నేర్పిన పట్లన్నీ నేను వాడి దగ్గర నేర్చుకున్నాను, వరండాలో గోనెసంచులు పరిచి. వాణ్ణి పడేసేదాన్ని కూడా. మేము డిగ్రీకి వచ్చేసరికి ఆడపిల్లల కుస్తీ జట్లు తయారుచెయ్యాలన్న హడావుడి మొదలైంది. ఒలింపిక్స్‌లో స్త్రీల కుస్తీ చేరింది 2004లోనే గానీ, ప్రపంచ పోటీలు 1987 నుంచే జరుగుతున్నాయి. మా దగ్గరి కోచ్‌లకి పేర్లు నింపడానికి అమ్మాయిలు కావాలి. గోదాలో అడుగుపెట్టకూడని కాలికి మ్యాట్ మీద అభ్యంతరం లేకపోయింది. మట్టికున్న మైల రబ్బరుకి లేదు కాబోలు.

ఇక కొత్త క్లాసు సంగతి. ఒక జిమ్ పైఅంతస్తులో పెద్ద గది, గోడనుంచి గోడకి మెత్తటి చాపలు. పదిహేనుమందిలో ఆడవాళ్ళం నలుగురం. ఫీజు నెలకి నాలుగు వేలు. మా నాయిన తాలీంఖానాలో డబ్బులు తీసుకునేవాళ్ళు కారు, బాదంపప్పు పాలకీ నేతికీ ఎవరి తంటాలు వాళ్ళు పడేవాళ్ళు. ఇక్కడికి వచ్చేవాళ్ళంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగులూ, వాళ్ళ పిల్లలూ. కుస్తీకి శ్రామిక కులాల పిల్లలు, ముస్లిం పిల్లలు ఆకలితో వచ్చి చేరిన చరిత్ర ఉంది. ఈ ఆటకి మన నగరాల్లో ఇంకా అటువంటి చరిత్ర ఏర్పడలేదు. రాత్రి క్లాసయ్యాక ఆ చాపలన్నీ ఫినాయిల్ పెట్టి తుడిచేది ఒకావిడ. ఆమెకి నా వయసే ఉంటుంది. "ఏం నేర్పుతరమ్మ గిక్కడ?" అని నన్నొకరోజు అడిగింది. కుస్తీ లాంటిదని చెప్పాను. "మా ఆయనకి నేర్పకుండ్రి" అంది.

ఇంతకు ముందెవరైనా ఏదైనా నేర్చుకున్నారా అని మొదటిరోజు శిక్షకుడు అడిగాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో, మర్యాదస్తుడు. నేను నోరెత్తలేదు. పరిశోధకురాలిగా పక్కన నిలబడి చూద్దామనే అలవాటు కొంత. ఇంకా కొంత కుళ్ళుబుద్ధి: చూద్దాం, వీళ్ళకేం వచ్చో.

అరగంట ఒళ్ళు వేడెక్కించాక (వెల్లకిలా పడుకుని నడుముని పక్కకి లాగుతూ జరగాలి, దాన్ని రొయ్య కదలిక అంటారట) నన్నొక కుర్రాడితో జత కట్టారు. నావైపు జాలిగా చూశాడు. నాకు పాతికేళ్ళ కింది శరీరం ఎక్కణ్ణించి వచ్చిందో తెలియదు. తల వంచి, రెండు కాళ్ళూ అందుకుని ఎత్తేశాను. వెల్లకిలా పడ్డాడు. వాడి రెండు భుజాలూ నేలకి ఆనాయి. నేను పైనున్నాను. నా లెక్కన ఆట అయిపోయింది. అలవాటు కొద్దీ ఈల కోసం ఎదురుచూస్తూ పట్టు కొంచెం సడలించాను. ఈల లేదు. వాడు కిందనుంచే రెండు కాళ్ళూ నా నడుం చుట్టూ బిగించి, నా తలని చంకలో ఇరికించుకుని మెడ బిగించాడు. కళ్ళ ముందు చుక్కలు తిరిగాయి. "తట్టండి మేడమ్, తట్టండి" అని శిక్షకుడు అరుస్తున్నాడు. ఏం తట్టాలో నాకు అర్థం కాలేదు. వాడే భయపడి వదిలేశాడు.

తర్వాత వివరంగా చెప్పారు. ఈ ఆటలో వీపు నేలకి ఆనితే ఓడినట్టు కాదు. పోటీల్లో ఎదుటివాణ్ణి కింద పడేస్తే వచ్చేది రెండు పాయింట్లే. వాడి కాళ్ళు దాటి పక్కకి చేరితే మూడు, మీదెక్కి కూర్చోగలిగితే నాలుగు. కిందున్నవాళ్ళు ఓటమి ఒప్పుకునేదాకా, లేదా సమయం అయిపోయేదాకా ఆట నడుస్తూనే ఉంటుంది. ఒప్పుకోవడమంటే ఎదుటివాళ్ళ ఒంటినిగానీ చాపనిగానీ చేత్తో రెండు మూడుసార్లు తట్టడం. చెయ్యి ఇరుక్కుపోతే నోటితో అనొచ్చు. తట్టిన క్షణాన వదిలెయ్యాలి. ఎందుకు తట్టావని అడగకూడదు.

మొదటి రెండు వారాలు నేను ఒకే తప్పు చేశాను. ఎవరైనా నన్ను కింద పడేస్తే, వీపు చాపకి తగిలీ తగలకముందే బోర్లా తిరిగిపోయేదాన్ని. కుస్తీలో అదే ప్రాణరక్షణ. ఇక్కడ బోర్లా తిరిగితే వీపు వాళ్ళకి అప్పగించినట్టే. మీదెక్కి, వెనకనుంచి గొంతుకింద ముంజేయి దూర్చి బిగిస్తారు. పసిపిల్లలు బోర్లా పడితే మన ఇళ్ళల్లో బొబ్బట్లు పంచుతారు. నాకు మాత్రం వరసగా ఊపిరాడకపోవడమే బహుమానం. మా అమ్మాయికి కుస్తీ తెలియదు కాబట్టి వెల్లకిలా పడితే సిగ్గుపడేది కాదు, నాకంటే తొందరగా నేర్చుకుంది. కుస్తీ నుంచి వచ్చినవాళ్ళందరూ ఇంతే మేడమ్, వీపంటే భయపడతారు అని శిక్షకుడు నవ్వాడు. అప్పటికి వాళ్ళకి నా సంగతి తెలిసిపోయింది.

ఈ వీపు భయం ఒక్క కుస్తీదే కాదనిపిస్తుంది నాకు. మన భాషలో ఓటమికి మాటలు చూడండి. చిత్తు చెయ్యడం, మట్టి కరిపించడం, వీపు నేలకి ఆనించడం. చిత్తు అన్నమాట గోదాలోదే, వెల్లకిలా పడవెయ్యడమని దాని అర్థం. ఎన్నికల వార్తల్లో 'చిత్తుగా ఓడించారు' అని రాసే విలేకరికి ఆ సంగతి గుర్తుండదు. ఇది మగవాడు మగవాడితో తలపడే ఊహనుంచి పుట్టిన భాష. మరి స్త్రీ విషయానికి వస్తే? వెల్లకిలా పడ్డ స్త్రీని గెలుచుకున్న వస్తువుగానే ఈ పితృస్వామిక భావజాలం చూస్తుంది. అక్కణ్ణించి ఆమె చెయ్యగలిగింది ఇంకేమీ లేదని నమ్ముతుంది. ఆమె అక్కడిదాకా వచ్చిందంటే ఒప్పుకునే వచ్చి ఉంటుందని వాదిస్తుంది. ఈ రెండు వాదనలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, అయినా ఇన్నేళ్ళుగా కలిసే కాపురం చేస్తున్నాయి.

మథుర కేసు ఈ పత్రిక చదివేవాళ్ళకి కొత్త కాదు. 1972లో మహారాష్ట్రలో పోలీస్‌స్టేషన్‌లోనే అత్యాచారానికి గురైన ఆదివాసీ అమ్మాయి ఒంటిమీద గాయాలు లేవు, పెనుగులాడిన గుర్తుల్లేవు అన్నది సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసుల్ని వదిలిపెట్టడానికి చెప్పిన కారణాల్లో ఒకటి. 1979లో నలుగురు న్యాయశాస్త్ర ఆచార్యులు బహిరంగ లేఖ రాశారు, దేశమంతా స్త్రీలు వీధుల్లోకి వచ్చారు, 1983లో చట్టం మారింది. మన హైదరాబాద్‌లో 1978లో రమీజాబీ విషయంలోనూ పోలీసులు ఏం చేశారన్నదానికంటే ఆమె ఎటువంటిదన్న మీదే ఎక్కువ నోళ్ళు పనిచేశాయి. శారీరకంగా ప్రతిఘటించలేదన్న ఒక్క కారణంతో అంగీకరించినట్టు భావించకూడదని చట్టంలో స్పష్టంగా రాయడానికి 2013 దాకా పట్టింది. అంతవరకు న్యాయస్థానాలు ప్రతి స్త్రీనీ ఒక పహిల్వాన్‌లా ఊహించుకున్నాయన్నమాట. బోర్లా తిరిగిందా? చేతులు విదిలించిందా? గుర్తులేవి? పహిల్వాన్‌గా తర్ఫీదు పొందినదాన్ని చెబుతున్నాను, మెడ మీద సరిగ్గా బరువు పడితే చెయ్యి లేవదు. బలం లేకపోవడానికీ ఒప్పుకోవడానికీ మధ్య ఉన్న తేడా ఐదు నిమిషాలు చాపమీద ఉంటే ఎవరికైనా తెలుస్తుంది. న్యాయమూర్తులకి శిక్షణా తరగతులు పెట్టేవాళ్ళు ఒక గంట దీనికి కేటాయిస్తే బాగుండును.

ఇలా అంటున్నానని ఆడపిల్లలందరూ ఆత్మరక్షణ విద్యలు నేర్చుకుంటే చాలుననే వాదనకి నేను దాసోహం అన్నట్టు కాదు. ఆ ఆశకి గౌరవప్రదమైన చరిత్ర లేకపోలేదు. ఇంగ్లండులో ఓటు హక్కు కోసం పోరాడిన స్త్రీలకి ఎడిత్ గారుడ్ అనే ఆవిడ జుజుత్సు నేర్పింది. ఐదడుగులు కూడా లేని మనిషి. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు, నాయకురాళ్ళని పోలీసులు మళ్ళీ మళ్ళీ అరెస్టు చేస్తుంటే అడ్డుపడటానికి సుమారు ముప్పైమంది స్త్రీలు ఒక రక్షకదళంగా ఏర్పడ్డారు. అయితే వాళ్ళకి వెనక ఒక ఉద్యమం ఉంది. ఒంటరి బలం ఏమవుతుందో తెలియాలంటే హమీదాబాను కథ చూడాలి. 1954లో, నన్ను ఓడించినవాణ్ణి పెళ్ళి చేసుకుంటానని సవాలు విసిరిన పహిల్వాన్ ఆమె. ఆ ఏడాదే బరోడాలో బాబా పహిల్వాన్‌ని నిమిషం ముప్పైనాలుగు సెకన్లలో పడేసింది. ఆమెతో కుస్తీ పట్టడం నామోషీ అని తప్పుకున్న మగవాళ్ళున్నారు. అటువంటి మనిషిని, యూరప్‌కి పోటీలకి వెళ్ళకుండా ఆపడానికి, ఆమెకి తర్ఫీదిచ్చిన మనిషే ఎముకలు విరిగేలా కొట్టాడని ఆమె కుటుంబంవాళ్ళు తర్వాత చెప్పారు. గోదాలో ఎవరూ పడెయ్యలేని మనిషి. ఆమెకి పట్టు తెలియక కాదుగదా.

అందుకే ఆ క్లాసులో నన్ను కదిలించినవి పట్లు కావు, చేత్తో తట్టడమనే ఆ చిన్న నియమం. అది ఓటమి ఒప్పుకోవడమే, నిజమే. కానీ రోజుకి పదిసార్లు తడుతుంటే దానికి ఇంకో అర్థం కూడా ఉందని తెలిసింది. ఎదుటి మనిషి ఎంత బలవంతుడైనా, ఎంత పెద్ద బెల్టు కట్టినా, నా చేతి కదలిక ఒక్కదానితో ఆగిపోవాలి. నొప్పి నిజంగా ఉందా లేదా అన్నది నిర్ణయించేది నేను. నిరూపించనక్కర్లేదు.

కుస్తీలో నాకు ఆ అవకాశాన్ని ఎవరూ నేర్పలేదు. పట్టు తట్టుకోవాలి, అంతే. వస్తాదు మాటకి ఎదురు లేదు. నొప్పంటే "పహిల్వాన్ బిడ్డవు, గింత దానికే?" అనేవాళ్ళు. ఓర్పే విద్య. ఆడపిల్లగా ఇంట్లో నేర్చుకున్న ఓర్పూ, గోదాలో నేర్పిన ఓర్పూ ఒకదాని మీద ఒకటి ఎంత చక్కగా అతుక్కుపోతాయో ఎవరైనా అధ్యయనం చెయ్యాలి. నేను చెయ్యలేదు. ఇన్నేళ్ళు స్త్రీల శ్రమ మీద పరిశోధన చేశాను, బీడీ కార్మికుల వేళ్ళ గురించి రాశాను, నా మెడ గురించి రాయలేదు.

మూడో ఏడు మమ్మల్ని ఒక శిక్షణ శిబిరానికి పంపించారు. అక్కడి కోచ్ ప్రతి కొత్త పట్టూ నామీదో, ఇంకో అమ్మాయి మీదో చూపించేవాడు. చూపించడానికి పట్టే సమయం కంటే పట్టు ఎక్కువసేపు ఉండేది. చెయ్యి ఉండాల్సిన చోటుకి జానెడు అటో ఇటో ఉండేది. కుస్తీలో ఒంటిని ముట్టుకోకుండా ఏదీ నేర్పలేరు. ఆ సంగతి అతనికీ తెలుసు, మాకూ తెలుసు. కాబట్టి ఏది విద్యో ఏది కాదో మాకు మేమే అనుమానపడేవాళ్ళం. ఒక రాత్రి ఆ అమ్మాయి పక్కమీద లేచి కూర్చుని "నీకు గూడ గట్లనే అనిపిస్తుందా?" అని అడిగింది. నాకు అనిపించేది. "లేదు, అట్లేం లేదు, పండుకో" అన్నాను. ఇంటికొచ్చాక కుస్తీ వద్దు, ఎం.ఏ. చదువుతానని నాయినతో చెప్పాను. కారణం అడగలేదు. కొన్ని నెలలు నాతో మాట్లాడలేదు. ఆయన పోయేదాకా కూడా నేను చెప్పలేదు.

2023 జనవరిలో జంతర్‌మంతర్ దగ్గర వినేశ్ ఫోగట్, సాక్షీ మలిక్ వంటి పేరున్న మల్లయోధులు కూర్చున్నప్పుడు, ఏప్రిల్‌లో మళ్ళీ కూర్చున్నప్పుడు, మే 28న వాళ్ళని రోడ్డు మీద ఈడ్చి వ్యాన్లలోకి ఎక్కించినప్పుడు టీవీ ముందు కూర్చున్న ప్రతివాడూ అడిగిన ప్రశ్న ఒకటే: ఇన్నాళ్ళూ ఎందుకు మాట్లాడలేదు? ప్రపంచ పోటీల్లో మగాళ్ళంత బలమున్న ఆడవాళ్ళని ముట్టుకుంటే అక్కడే కొట్టలేరా? శ్వాస ఎలా తీస్తున్నారో చూస్తానన్న నెపంతో ఒంటిమీద చేతులు వేశాడన్నది సమాఖ్య అప్పటి అధ్యక్షుడి మీద వచ్చిన ఆరోపణల్లో ఒకటి. ఆయన అవన్నీ ఖండించాడు, 2024 మేలో కోర్టు అభియోగాలు నమోదు చేసింది. తీర్పు సంగతి న్యాయస్థానం చూసుకుంటుంది. నాకు ఆ నెపం గురించే ఆలోచన. శ్వాస చూడటం శిక్షణలో ఉండదని ఎవరనగలరు? పట్టు చూపించడం ఉండదని ఎవరనగలరు? అంతా విద్య పేరుతో జరిగేచోట ఆ అమ్మాయి మొదట తనతో తనే వాదించుకోవాలి. ఆ వాదన తేలడానికి నాకు ఇరవై అయిదేళ్ళు పట్టింది.

చట్టం ఆమెకి మూడు నెలలు ఇస్తుంది. 2013 నాటి పనిస్థలాల్లో లైంగిక వేధింపుల నిరోధక చట్టం మంచి చట్టం. 1997 విశాఖ మార్గదర్శకాల నుంచి అక్కడిదాకా తీసుకురావడానికి స్త్రీల సంఘాలు ఎంత శ్రమపడ్డాయో మనకి తెలుసు. క్రీడాసంస్థలు, స్టేడియంలు, పోటీలు జరిగే చోట్లు, నివాస సౌకర్యం ఉన్నా లేకున్నా, అన్నీ పనిస్థలాలేనని అందులో స్పష్టంగా ఉంది. ఫిర్యాదు చేసే స్త్రీ అక్కడ ఉద్యోగి కానక్కర్లేదు. పదిమంది కన్నా తక్కువ పనిచేసే చిన్న సంస్థ అయితే జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్ళవచ్చు. కానీ ఫిర్యాదు మూడు నెలల్లోపు ఇవ్వాలి. సరైన కారణముంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించగలదు. ఏం జరిగిందో ఆ క్షణమే ఆమెకి తెలిసిపోతుందన్న ఊహ మీద వేసిన లెక్క ఇది. ఆఫీసులో అది కొంతవరకు నిజమేమో. ఒంటిని అప్పగించి నేర్చుకునే చోట నిజం కాదు. కుస్తీ, జూడో, కబడ్డీ, జిమ్నాస్టిక్స్, ఆ మాటకొస్తే నాట్యం నేర్చుకునే అమ్మాయిల విషయంలో ఈ గడువు మారాలని మనం అడగాలి. గడువు మారేలోపు కూడా చెయ్యగలిగినవి ఉన్నాయి: మూడో మనిషి లేకుండా ఎవరినీ విడిగా నేర్పకూడదు, బరువు చూసే గదిలో మగవాళ్ళు ఉండకూడదు, ఏ పట్టు చూపించేముందైనా చెయ్యి ఎక్కడ పడుతుందో నోటితో చెప్పాలి.

ఇవన్నీ మా శిక్షకుడితో అన్నాను. శ్రద్ధగా విన్నాడు. "మన దగ్గర అలాంటివేం జరగవు మేడమ్" అన్నాడు. అతను మంచివాడే. ఫిర్యాదు ఎవరికి చెయ్యాలో గోడమీద ఒక కాగితం అంటించండి అంటే, కొత్తగా వచ్చేవాళ్ళు భయపడతారేమో అన్నాడు. ఇంకా అంటించలేదు. నేను వదల్లేదు.

జూన్ ఆఖరులో ఒక సాయంత్రం మా అమ్మాయి ఒక కుర్రాడితో ఆడుతోంది. మోచెయ్యి వెనక్కి విరిచే పట్టులో పడింది. ముఖం కందిపోయింది, పళ్ళు బిగబట్టింది. తట్టడం లేదు. నేను చాప మీద చెయ్యి వేసి నేనే గట్టిగా తట్టాను. ఆ కుర్రాడు ఉలిక్కిపడి వదిలేశాడు, పాపం వాడి తప్పేం లేదు. బండి మీద ఇంటికొస్తూ ఎందుకు తట్టలేదని అడిగాను.

"అప్పుడే తడితే అతనేమనుకుంటాడో అనిపించింది పిన్నీ. కొంచెం ఓర్చుకుందాం అనుకున్నా."

సిగ్నల్ దగ్గర బండి ఆపి ఆ శిబిరం గురించి దానికి చెప్పాను. పచ్చలైటు పడింది, వెనకవాళ్ళు హారన్లు కొట్టారు, ఇంటి సందు దాకా చెబుతూనే ఉన్నాను. అది వెనకనుంచి నా భుజం పట్టుకుని కూర్చుంది. చివరికి "ఆ అమ్మాయి ఏమైంది?" అని అడిగింది.

ఆమె ఒక ప్రభుత్వ పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయురాలు. పాత స్నేహితుల ద్వారా నంబరు దొరికింది, పదిరోజులు దాన్ని అలాగే పెట్టుకుని ఆఖరికి ఫోన్ చేశాను. "ఆ రాత్రి నువ్వడిగినప్పుడు నేను అబద్ధం చెప్పిన" అన్నాను.

"నాకు తెల్సు" అంది. "నువ్వు గోడదిక్కు తిరిగి పండుకున్నవు గద."

తర్వాత చాలాసేపు పిల్లల గురించి, మోకాళ్ళ గురించి మాట్లాడుకున్నాం. వచ్చే వారం వాళ్ళ బడి ఆడపిల్లల కబడ్డీ జట్టుని జోనల్ పోటీలకి తీసుకెళుతోందట. రెండు రాత్రులు అక్కడే ఉండాలి. టీచర్లకి వేరే గది ఇస్తామన్నారట గానీ తను పిల్లల గదిలోనే, తలుపు పక్కన చాప వేసుకుని పడుకుంటానని చెప్పింది.